కత్తెర నొప్పి

గుడ్డ కత్తిరించి బతికేవాళ్ళలో ఒక మాట ఉంది: కత్తెర నొప్పి ఎరగనివాడు మాస్టరు కాడని. బొటనవేలి మొదట్లో పుట్టి, మణికట్టు దాటి, మోచేతి మీదుగా భుజం దాకా పాకే నొప్పి అది. పని ముమ్మరంగా ఉన్న రోజుల్లో ప్రతి కటింగ్ మాస్టరూ దాన్ని పడ్డవాడే. ఇద్దరు మాస్టర్లు కలిస్తే ముందు ఆ నొప్పి కబుర్లే. చెప్పుకునేటప్పుడు వాళ్ళ గొంతులో బాధకంటే గొప్పే ఎక్కువ వినిపిస్తుంది.

ఈ మాస్టరుకు ఆ నొప్పి ఎడమ చేతికి వచ్చేది. ఆయనది పుట్టుకతోనే ఎడమచేతి వాటం. పని నేర్చుకునే రోజుల్లో గురువు ఇంచీల కర్రతో కొట్టి కత్తెరను కుడిచేతికి మార్చాలని చూశాడట. చెయ్యి వాచింది గాని వాటం మారలేదు. చివరికి ఆ గురువే కత్తెరలు సానపట్టే మనిషిని బతిమాలి, ఎడమచేతికి సరిపడే కత్తెర చేయించి చేతిలో పెట్టి, "నీ దారి నీదిరా, పో" అన్నాడట. ఆ కత్తెరతోనే ఆయన పెళ్ళి చేసుకున్నాడు, కూతుర్ని చదివించాడు, ఇప్పుడు తల నెరిసింది.

ఆయన భార్యను వీధిలో అందరూ కాజాలమ్మ అంటారు. చొక్కాలకు కాజాలు చేత్తో కుడుతుంది. ఆమె కుట్టిన కాజా చొక్కా చిరిగినా చిరగదని పేరు. అసలు పేరేమిటో గ్యాసు బండ తెచ్చే మనిషికి తప్ప ఎవరికీ గుర్తు లేదు.

రోగం వచ్చి ఊరు ఊరంతా తలుపులు వేసుకున్నప్పుడు వాళ్ళు కూడా దుకాణం షట్టరు దించారు. మిషను, ఇస్త్రీపెట్టె, కత్తెర, దారపు కండెలు అన్నీ మూడో అంతస్తులోని ఇంట్లోకి చేరాయి. భోజనాల బల్ల కటింగ్ బల్ల అయింది. భోజనం మంచం మీదికి మారింది. చొక్కాలు కుట్టించుకునేవాళ్ళు లేరు. వీధిలోకి పోనివాడికి కొత్త చొక్కా ఎందుకు? కానీ పెద్దాసుపత్రి వాళ్ళు గుడ్డ మాస్కులు కుట్టించుకుంటున్నారని తెలిసి మాస్టరు ఆ పని పట్టుకున్నాడు. గేటు దగ్గర నిలబడేవాళ్ళకీ, ఊడ్చేవాళ్ళకీ, మంచాల మీద పడుకున్న రోగులకీ అవి వెళతాయి. ఆసుపత్రి బండి వచ్చి గుడ్డ దించి, కుట్టినవి ఎత్తుకుపోయేది.

"మూతికి కూడా కొలతలు తియ్యాల్సిన రోజులొచ్చాయే," అని మాస్టరు మొదటి రోజు నవ్వాడు.

"తియ్యి. నీ మూతితో మొదలుపెట్టు. అది మూస్తే ఇల్లు చల్లబడుతుంది," అంది కాజాలమ్మ.

రోగం రాకముందు ఒక సంగతి జరిగింది. దుకాణం నుంచి ఇంటికి నడిచి వచ్చేటప్పుడు మాస్టరుకు దారిలో ఆయాసం వస్తోందని, మలుపు దగ్గర మెడికల్ షాపు ముందు నిలబడి గాని కదలడం లేదని, ఆ షాపువాడే కాజాలమ్మకు చెప్పాడు. ఆమె పోరి పోరి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు రొమ్ము మీద గొట్టం పెట్టి విని, మాత్రలు రాసి, కదిలే పట్టా మీద నడిపించి గుండెను చూసే పరీక్ష చేయించుకోమన్నాడు. దానికి రోజు కూడా ఇచ్చారు. ఈలోగా తలుపులు మూసుకున్నాయి. అత్యవసరం కాని పరీక్షలన్నీ వాయిదా వేశామని, మళ్ళీ కబురు చేసేదాకా రావద్దని ఫోనుకు సందేశం వచ్చింది.

పంతులు బడికి రాలేదని తెలిసిన పిల్లాడిలా అయిపోయాడు మాస్టరు.

"చూశావా? అత్యవసరం కాదంట. వాళ్ళే రాశారు. నువ్వే లేనిపోని గోల చేశావు."

"వాళ్ళు నీ సంగతి రాయలేదయ్యా. అందరికీ రాశారు."

"అందరిలో నేను లేనా?"

ఎదురింటి తలుపులో నిలబడి ఈ మాటలు వింటున్న డ్రైవరన్నయ్య నవ్వాడు. ఆయన బస్సు తోలి రిటైరయిన మనిషి. ఈ అంతస్తులో ఉన్నవి రెండే వాటాలు కాబట్టి, ఎవరి గుమ్మంలో వాళ్ళు కుర్చీ వేసుకుని మధ్యలో వరండాను ఏరులా ఉంచుకుని కబుర్లు చెప్పుకునేవాళ్ళు.

"బావా, ఫిట్‌నెస్ లేకుండా బండి రోడ్డెక్కకూడదు," అన్నాడు.

"రోడ్డే లేనప్పుడు ఫిట్‌నెస్ ఎందుకు బావా?" అన్నాడు మాస్టరు.

ఆ మాటకు అప్పుడు అందరూ నవ్వుకున్నారు. కాజాలమ్మ తర్వాత చాలాసార్లు దాన్ని తలుచుకుంది. నిజంగానే రోడ్డు లేకపోవడం వల్లే ఏమీ తెలియలేదు. దుకాణానికి పోయి రావడం ఉంటే ఆయాసం దారిలోనే పట్టిచ్చేది, మెడికల్ షాపువాడు మళ్ళీ చెప్పేవాడు. ఇప్పుడు మంచం మీంచి లేస్తే బల్ల, బల్ల దగ్గర్నుంచి లేస్తే మంచం. ఇంత చిన్న ఇంట్లో గుండె తన లోటును ఎక్కడ బయటపెట్టుకుంటుంది? మాస్టరు దర్జాగా కూర్చుని గుడ్డ కత్తిరించేవాడు, ఆయాసం మాయమైపోయిందని చెప్పుకునేవాడు, ఇల్లే పెద్ద మందు అనేవాడు. పొట్ట మాత్రం ముందుకొచ్చింది.

అప్పుడు మొదలైంది చేతినొప్పి.

"వచ్చేసింది," అన్నాడు మాస్టరు ఒక సాయంత్రం ఎడమ భుజం పట్టుకుని. అదీ చుట్టం వచ్చినట్టు అన్నాడు. "కత్తెర నొప్పి. ఇన్ని పొరలు ఒక్కసారి కోస్తుంటే రాకేం చేస్తుంది."

కాజాలమ్మ ఎప్పుడూ చేసే పనే చేసింది. మందపాటి గుడ్డను మడతలు పెట్టి, ఇస్త్రీపెట్టెతో వేడి చేసి, భుజం మీద వేసి అదిమింది. కాసేపటికి తగ్గింది. తగ్గిందని ఆయన అన్నాడు, తగ్గించానని ఆమె అనుకుంది.

నొప్పి వస్తూ పోతూ ఉంది. ఊరికి ఆ కొసన ఉండే కూతురు ఫోన్లో కనిపించినప్పుడు ఆ సంగతి బయటపడింది. దారుల మీద అడ్డంగా కంచెలు పెట్టేశారు కాబట్టి పిల్ల వచ్చే వీలు లేదు. ఫోన్లోనే మొహం దగ్గరగా పెట్టి అడిగింది.

"నాన్నా, ఎడమ చెయ్యా?"

"నాకున్న చెయ్యి అదేగా."

"ఎడమచెయ్యి లాగితే గుండె చూపించుకోవాలంటారు నాన్నా. నిన్ననే ఎవరో పంపారు, చదివాను."

మాస్టరు పకపకా నవ్వాడు. "పిచ్చిదానా, అది కుడిచేతి వాళ్ళకోసం రాసింది. వాళ్ళకు ఎడమచేత్తో పనేముంది? అక్కడ నొప్పొస్తే అనుమానించాలి మరి. నా లెక్కన నాకు కుడిచెయ్యి లాగితే అప్పుడు భయపడు."

అంత ధీమాగా చెప్పేసరికి కూతురికీ నవ్వొచ్చింది. పక్కనే ఉన్న కాజాలమ్మకూ అది సబబుగానే తోచింది. ఆ వృత్తిలో పుట్టి పెరిగిన వాళ్ళకు అది సబబే మరి.

ఇంకో సంగతి కూడా ఉంది. కింది అంతస్తులో ఒక లెక్చరరు ఉండేవాడు. జ్వరమని అంబులెన్సులో తీసుకెళ్ళారు. తన కాళ్ళతో నడిచి ఎక్కాడు, ఎక్కేముందు పైకి చూసి చెయ్యి ఊపాడు. తర్వాత ఆయన భార్యకు ఫోను మాత్రం వచ్చింది. మనిషి రాలేదు, చూడనివ్వలేదు. ఆమె ఏడుపు మెట్ల గుండా మూడో అంతస్తు దాకా వినిపించింది, ఎవరూ కిందికి దిగి ఆమె పక్కన కూర్చోలేదు. కూర్చోకూడదన్నారు. ఆ రోజు మాస్టరు కత్తెర పట్టలేదు.

"ఏమే," అన్నాడు చివరికి. "నాకేదన్నా అయితే ఇక్కడే కానీ. అక్కడికి పంపకు."

"నోరు మూసుకుంటావా? గుడ్డ కుక్కమంటావా?" అంది ఆమె. కానీ ఆ మాట ఆమె మనసులో పడిపోయింది.

మాస్కుల గుడ్డ కొత్తది, కత్తిరించేముందు నీళ్ళలో నానబెట్టి ఆరేయాలి. లేకపోతే మొదటి ఉతుకుకే కుంచించుకుపోతుంది. ఆరేయడానికి డాబా మీదికి పోవాలి. మగవాడు ఉండగా తడిగుడ్డల బరువు ఆడది మొయ్యడమేమిటని ఆ పని మాస్టరు తనమీద వేసుకున్నాడు. ఇంటికి అదొక్కటే ఎక్కుడు, దిగుడు.

మధ్యలో ఆసుపత్రి బండి రావడం ఆగింది. గుడ్డ అయిపోయింది. కత్తెర గోడకు వేలాడింది. మాస్టరు ఊరికే కూర్చుని, ఎదుటి గుమ్మంలోని డ్రైవరన్నయ్యతో కబుర్లాడుతూ గడిపాడు. ఆ ఖాళీలోనే ఒకనాడు కాజాలమ్మ దుప్పట్లు ఉతికింది. మాస్టరు బకెట్టు పట్టుకుని పైకి పోయాడు. దిగి వచ్చి కుర్చీలో కూలబడి ఎడమ భుజం పట్టుకున్నాడు.

"నీ ఇస్త్రీగుడ్డ పట్రా. కత్తెర నొప్పి."

ఆమె ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టబోయి ఆగింది. గోడ మీది కత్తెర కేసి చూసింది. దాన్ని ముట్టుకుని ఎన్నాళ్ళయింది? కత్తెర పట్టనివాడికి కత్తెర నొప్పి ఎలా వస్తుంది?

ప్లగ్గు పెట్టింది. గుడ్డ వేడి చేసి వేసింది. కానీ చెయ్యి అదుముతోంది గాని మనసు వేరేచోట ఉంది.

మళ్ళీ గుడ్డ వచ్చింది. మాస్టరు పొద్దున్నించి కూర్చున్నచోటు కదలకుండా పొరలు పొరలుగా కోశాడు. ఆమె కాజాలు కుట్టే కళ్ళతో ఆయన్నే చూస్తూ కూర్చుంది. ఒక్కసారి కూడా భుజం తడుముకోలేదు. ఈల కూడా వేశాడు. మధ్యాహ్నం ఆమె, "డాబా మీద తీగకు క్లిప్పులు మర్చిపోయాను, తెచ్చిపెట్టవా," అంది. ఖాళీ చేతులతో పంపి, చెప్పుల చప్పుడు లేకుండా వెనకాలే మెట్ల మొదటికి వచ్చి నిలబడింది.

మలుపు దగ్గర మాస్టరు ఆగాడు. అక్కడ చిన్న కిటికీ ఉంది. అందులోంచి బయటకు చూస్తున్నట్టు నిలబడ్డాడు. బయట చూడ్డానికి ఏమీ లేదు, పక్క బిల్డింగు గోడ తప్ప. కుడిచేత్తో ఎడమచేతిని రొమ్ముకేసి అదుముకుంటున్నాడు. ఎవరూ చూడ్డం లేదనుకున్న మనిషి మొహం ఎలా ఉంటుందో ఆమె ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి చూసింది.

క్లిప్పులు తెచ్చి బల్ల మీద పెట్టగానే అడిగింది.

"నొప్పి వచ్చిందా?"

"ఏం నొప్పి? ఏం లేదు."

"కిటికీ దగ్గర ఎందుకు ఆగావు?"

"గాలికి."

"ఆ కిటికీకి గాలి వచ్చిన పాపాన పోలేదు. కోస్తే రావడం లేదు, ఎక్కితే వస్తోంది. అది కత్తెర నొప్పి కాదయ్యా. పట్టా మీద నడిపించి చూస్తామన్నారే, ఆ నొప్పి ఇది."

"డాక్టరమ్మ వచ్చింది!" అని చేతులు జోడించాడు మాస్టరు. "ఫీజు ఎంతమ్మా?"

ఆమె నవ్వలేదు. ఆయనా ఆ తర్వాత నవ్వలేదు. "అక్కడికి పంపకన్నానా లేదా?" అన్నాడు మెల్లగా. కాజాలమ్మ వంటింట్లోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుని ఆసుపత్రికి ఫోను చేసింది. ఎంతోసేపు పాట వినిపించాక ఒక అమ్మాయి పలికింది.

"అమ్మా, ఓపీ లేదండీ ఇప్పుడు. ఎమర్జెన్సీ మాత్రమే."

"ఇది ఎమర్జెన్సీయో కాదో నాకెలా తెలుస్తుందమ్మా? అది తెలుసుకోవాలనే కదా అడుగుతున్నా."

"నొప్పి ఇప్పుడు ఉందా?"

"ఇప్పుడు కూర్చున్నాడు. కూర్చుంటే ఉండదు."

"మరి భరించలేనంతగా వస్తే తీసుకురండమ్మా. ఊరికే వస్తే ఇక్కడ మీకే ప్రమాదం." పిల్ల గొంతు అలసిపోయి ఉంది. పొద్దున్నించి అదే మాట ఎంతమందికి చెప్పిందో.

ఆమె తడిగుడ్డల బకెట్టు తానే మొయ్యడం మొదలుపెట్టింది. ఆయన మెట్లు ఎక్కకుండా చూసింది. ఎక్కకపోతే రాదు, రాకపోతే లేనట్టే అనుకుంది. ఈ తలుపులు తెరిచేదాకా ఎలాగోలా నెట్టుకొస్తే ఆ పరీక్షేదో జరుగుతుంది. లెక్చరరు భార్య ఏడుపు చెవిలో ఉన్నంతకాలం ఆమెకు అంతకంటే ధైర్యం చాలలేదు.

కానీ గుండె మెట్లకోసం కాచుకుని కూర్చోలేదు. ఒకరోజు పదకొండింటి ఎండ కిటికీలోంచి బల్ల మీద పడుతుండగా మాస్టరు కోస్తూ కోస్తూ ఆగాడు. కత్తెర సగం గుడ్డలోనే ఉండిపోయింది. ఆమె తలెత్తి చూస్తే మొహం బూడిద రంగులో ఉంది. నుదుటి మీద, పెదవి మీద చెమట, చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"కాసేపు పడుకుంటా," అన్నాడు.

పడుకున్నా తగ్గలేదు. నొప్పి రొమ్ము మధ్యలోకి వచ్చి కూర్చుంది. దవడ కూడా లాగుతోందన్నాడు. ఆమె తలుపు తీసి డ్రైవరన్నయ్యను కేకేసింది. ఆయన మాస్కు ముడి వేసుకుంటూ వచ్చి ఒక్క చూపు చూసి, అంబులెన్సుకు ఫోను కలిపాడు.

"నేను రాను," అన్నాడు మాస్టరు గోడవైపు తిరిగి. "నువ్వు గుడ్డ వేడి చెయ్యి."

"ఇక గుడ్డ వెయ్యను."

"అక్కడికి పోతే లేని రోగం అంటుకుంటుంది. కింది లెక్చరరు నడిచి పోలేదా? వచ్చాడా?"

కాజాలమ్మకు ఆయన సంగతి తెలుసు. ఏడిస్తే ఆయన ఓదార్చడానికి లేచి కూర్చుంటాడు గాని ఆసుపత్రికి కదలడు. బతిమాలితే మొండికేస్తాడు. ఈ మనిషిని కదిలించేది ఈ లోకంలో ఒక్కటే ఉంది. ఆమె మంచం పక్కన నిలబడి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"అక్కడ రోగం ఎలా అంటుకుంటుందయ్యా? అందరూ మాస్కులు పెట్టుకునేగా ఉంటారు."

"పెట్టుకుంటే?"

"ఎవరు కుట్టినవి అవి?"

మాస్టరు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"గేటు దగ్గరవాడి మొహానికున్నది ఎవరు కుట్టారు? ఊడ్చే తల్లి మొహానికున్నది ఎవరు కుట్టారు? వాళ్ళు నీ కుట్టును నమ్ముకుని పొద్దుగూకులూ ఆ రోగం మధ్యే తిరుగుతున్నారు. నువ్వు ఒక్కపూట పోవడానికి వణుకుతున్నావు. అంటే నీ కుట్టు మీద నీకే నమ్మకం లేదు. సరే, బండి వచ్చినప్పుడు చెబుతాలే. మా ఆయన కుట్టినవి మా ఆయనే నమ్మడు నాయనా, పట్టుకుపోకండి అని."

డ్రైవరన్నయ్య గుమ్మంలో నోరు తెరుచుకుని నిలబడ్డాడు. మాస్టరు మెల్లగా ఇటు తిరిగాడు. అంత నొప్పిలోనూ కళ్ళల్లో నిప్పు కనబడింది.

"నా పనికి వంక పెడుతున్నావుటే?"

"నేనెక్కడ పెట్టాను? నువ్వే పెట్టుకుంటున్నావు."

"మూడు పొరలు. రెండో పొర అడ్డంగా వేసి కుట్టాను. ఆ కుట్టుకు వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదు."

"అయితే లే."

ఆయన కాసేపు ఊపిరి పీల్చుకున్నాడు. "చొక్కా మార్చు. చెమట చొక్కాతో రాను," అన్నాడు.

డ్రైవరన్నయ్యా, అంబులెన్సు మనిషీ కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దింపారు. తెల్లటి ముసుగు బట్టల్లో ఉన్న ఆ మనిషి మొహం కనబడదు, గొంతు మాత్రం కుర్రాడిది.

"జ్వరముందా? దగ్గు? ఆయాసం?" అన్నాడు.

"ఆయాసం..." అని మాస్టరు మొదలుపెట్టగానే కాజాలమ్మ అందుకుంది. ఆయాసమంటే జ్వరాల వైపు తోస్తారని ఆమె విని ఉంది.

"జ్వరం లేదు, దగ్గు లేదు. నెల నుంచి మెట్లెక్కితే ఎడమచెయ్యి లాగుతోంది. ఇవాళ కూర్చున్నవాడికే రొమ్ములో పట్టుకుంది. గుండె పరీక్షకు రోజిచ్చి వాయిదా వేశారు. గుండె వైపే పెట్టు నాయనా."

ఆ మనిషి ఆమె కేసి చూసి, ఫోనులో ఎవరికో అవే మాటలు, అదే వరుసలో చెప్పాడు.

ఆసుపత్రి గేటు దగ్గర ఆమెను ఆపేశారు. రోగి మాత్రమే లోపలికి. మాస్టరును చక్రాల మంచం మీద తోసుకుపోతుంటే ఆయన తల తిప్పి చూశాడు. ఆమె మొహానికి మాస్కు ఉంది కాబట్టి ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో ఆయనకు తెలిసి ఉండదు. ఆమెకే తెలియదు.

గేటు ఎదురుగా చెట్టు లేదు, నీడ లేదు. మూసేసిన పళ్ళ దుకాణం అరుగు మీద కూర్చుంది. ముందు రోగం లేదని తేల్చాలి, ముక్కులో పుల్ల పెట్టి చూడాలి, తర్వాత లోపలివాళ్ళంతా ముసుగులు వేసుకోవాలి, అప్పుడే చెయ్యి వేస్తారని గేటుమనిషి చెప్పాడు. ఆ ఒక్కొక్క 'తర్వాత'నూ ఆమె అరుగు మీద కూర్చుని మింగింది. నొప్పి అక్కడ ఆగుతుందా, మీ ముసుగులు అయ్యేదాకా? కానీ ఎవర్ని అనాలి? గేటుమనిషి మొహానికి ఉన్న మాస్కు అంచు చూసింది. తమదే. అదే ఆమెకు ఆ పూట దక్కిన ధైర్యం.

ఎండ వాలుతుండగా ఫోను మోగింది. ఆడగొంతు.

"అమ్మా, గుండె డాక్టర్ని మాట్లాడుతున్నాను. మీవారికి రక్తనాళం పూర్తిగా మూసుకుపోయింది. తెరిచి స్టెంటు పెట్టాం. ప్రాణానికి గండం గడిచింది."

ఆమె అరుగును పట్టుకుంది.

"కానీ గుండె కండరం కొంత చచ్చుబడింది. అది మళ్ళీ రాదు. మిగిలినదాన్ని కాపాడుకోవాలి. నొప్పి ఎన్నాళ్ళుగా ఉంది?"

"చాలా రోజులుగా ఉందమ్మా. ఆయన ఎడమచేతి మాస్టరు. మేం కత్తెర నొప్పి అనుకున్నాం. వేడిగుడ్డ వేశాను."

"ఈ మధ్య నేను వినేవన్నీ ఇలాంటివేనమ్మా," అంది డాక్టరమ్మ. "ఒకరు గ్యాసు అనుకున్నారు. ఒకరు ఇంటిపని ఎక్కువై భుజం పట్టిందనుకున్నారు. మామూలు రోజుల్లో నా వార్డులో మంచాలు చాలవు. ఇప్పుడు సగం ఖాళీ. గుండెనొప్పులు తగ్గలేదు, వచ్చేవాళ్ళు తగ్గారు. కొంచెం ముందు వచ్చి ఉంటే..."

"ముందే ఫోను చేశాను తల్లీ మీ ఆసుపత్రికి. భరించలేకపోతే తీసుకురమ్మన్నారు." ఆమె గొంతులో కోపం లేదు. "మా ఆయన భరించలేనిదంటూ ఏదీ లేదమ్మా. అదే ఆయన జబ్బు."

"రావద్దని మేమే చెప్పాం. ఇప్పుడు రండంటే భయపడుతున్నారు. ఏం చెయ్యాలో నాకూ తెలియడం లేదు," అంది డాక్టరమ్మ. అంత చదువుకున్న మనిషి తెలియదంటే కాజాలమ్మకు ఎందుకో ఆమె మీద నమ్మకం కుదిరింది.

మాస్టరు ఇంటికి వచ్చాడు. వచ్చినవాడు పోయినవాడు కాడు. మునుపు ఏ నొప్పికీ భయపడని మనిషి, ఇప్పుడు తన గుండె చప్పుడుకే భయపడేవాడు. మంచం మీంచి స్నానాలగదికి పోవాలన్నా గోడ పట్టుకునేవాడు. రోజూ నడవాలని, కొంచెం కొంచెంగా పెంచాలని డాక్టరమ్మ ఫోన్లో కనబడి చెప్పింది. మామూలు రోజుల్లో అయితే ఆసుపత్రిలోనే పక్కన నిలబడి నడిపించేవాళ్ళు ఉంటారట. ఇప్పుడు ఆ గది మూసేశారట. నడిపించే బాధ్యత కాజాలమ్మ మీద పడింది.

ఆమెకు కూడా భయమే. గడప దాటితే "నొప్పా?" అనేది. తుమ్మితే "నొప్పా?" అనేది. నిద్రలో ఒత్తిగిల్లితే లేచి కూర్చునేది. ఆయన ఎప్పటిలాగే "ఏం లేదు" అనేవాడు. ఆ రెండు మాటల మీద ఆమెకు ఇక నమ్మకం లేదు. ఉన్నప్పుడూ అదే అన్నాడు, లేనప్పుడూ అదే అంటున్నాడు. దేన్ని పట్టుకుని తెలుసుకోవాలి?

ఒకరోజు విసిగిపోయి కుర్చీ ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఒక్క మాట చెప్తా విను. నువ్వు ఏం లేదంటే నాకు భయమేస్తోంది. ఉందంటే వెయ్యదు. ఉంటే ఏం చెయ్యాలో నాకు తెలుసు. ఏం లేదంటేనే ఏం చెయ్యాలో తెలియదు."

మాస్టరు ఆమె కేసి చూశాడు.

వరండాలో నడక మొదలైంది. తన గుమ్మం నుంచి డ్రైవరన్నయ్య గుమ్మం దాకా, మళ్ళీ వెనక్కి.

"బావా, రివర్సులో కూడా బాగానే తోలుతున్నావే," అన్నాడు డ్రైవరన్నయ్య కుర్చీలోంచి.

"హారను కొట్టకు బావా, జడుసుకుంటా," అన్నాడు మాస్టరు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన వేసిన మొదటి హాస్యం అది. కాజాలమ్మ లోపలికి పోయి కొంగుతో కళ్ళు తుడుచుకుని వచ్చింది.

పొద్దుటి పూట కాసేపు బయట నడవవచ్చని సడలింపు ఇచ్చిన మొదటి రోజున ఇద్దరూ కిందికి దిగారు. వీధి కడిగినట్టు ఖాళీగా ఉంది. షట్టర్ల మీద దుమ్ము పేరుకుంది. దుకాణం వైపు ఎత్తుగా ఉన్న దారి ఆయనే ఎంచుకున్నాడు. ఆమె పక్కనే నడుస్తోంది, చెయ్యి పట్టుకోలేదు, పట్టుకునేంత దూరంలో ఉంచుకుంది.

ఎత్తు మధ్యలో ఆయన ఆగాడు.

ఆమె కూడా ఆగింది. 'నొప్పా?' అన్న మాట పెదవి దాకా వచ్చింది. పళ్ళతో నాలుకను పట్టుకుంది. ఆయన నిలబడి ఊపిరి తీసుకుంటున్నాడు. మాస్కు గుడ్డ లోపలికీ బయటికీ ఆడుతోంది. ఎదురుగా ఒక కరెంటు స్తంభం, దాని మీద కూర్చున్న పిట్ట. చూడ్డానికి అంతకంటే ఏమీ లేదు, కానీ ఈసారి ఆయన అటు చూస్తున్నట్టు నటించలేదు. ఆమె వైపు తిరిగాడు.

"చేతిలో లేదు," అన్నాడు. "దవడలో లేదు. రొమ్ములో బరువు లేదు. ఆయాసం మాత్రం ఉంది. ఉన్నదున్నట్టు చెప్తున్నా. కాసేపు నిలబడాలి."

"నిలబడదాం," అంది కాజాలమ్మ.

"భయం కూడా ఉంది."

"నాకూ ఉంది."

ఇద్దరూ ఆ ఎత్తు మధ్యలో దారికి ఓరగా నిలబడ్డారు. పాల బండి ఒకటి వాళ్ళను దాటుకుంటూ పైకి పోయింది. ఆయాసం తగ్గేదాకా తొందరపడలేదు. తగ్గిందని ఆయనే చెప్పాడు. ఇంకొంచెం పైకి పోదామా, వెనక్కి తిరుగుదామా అని ఆమె అడిగింది. మాస్టరు దారి పొడవునా చూసి, కొలత వేసేవాడిలా ఒక కన్ను మూసి ఆలోచించి, ఇవాళ్టికి ఇక్కడిదాకా చాలన్నాడు.